లెక్క తేల్చే చోట యువత కూడా కూర్చోవాలి

ఫుడ్ ఫెస్టివల్‌లో నిధుల కోసం పనిచేసే యువజన సంఘాన్ని చూస్తే పెద్దలకు ముచ్చటేస్తుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకుని ప్లేట్లు ఎత్తుతారు, క్యూలు సర్దుతారు, తడిచెత్త, పొడిచెత్త వేరు చేస్తారు. ఇంత చాకిరీకి సంఘానికి దక్కేదెంత, ఆ మాట ఎవరు ఖాయం చేశారు అని మాత్రం ఎవరూ అడగరు.

నిధి రెండు రకాలుగా వస్తుంది. సొంత స్టాల్ పెడితే లాభమూ నష్టమూ సంఘానివే. సాయంత్రానికి గల్లాపెట్టె నిండుగా కనిపించినా స్టాల్ అద్దె, సరుకులు, గ్యాస్ పోగా చేతికొచ్చేది కొంతే. వాన పడితే అదీ దక్కదు. రెండో పద్ధతిలో ఇంతమందిమి ఇన్ని గంటలు పనిచేస్తామని నిర్వాహకులకు మాటిచ్చి, బదులుగా కొంత మొత్తం విరాళంగా తీసుకుంటారు. తొలిసారి దిగే సంఘానికి ఈ రెండోదే మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే వంట పూచీ చాలా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆహార భద్రతకు ఐదు సూత్రాలు ప్రకటించింది. వాటి ప్రకారం వండిన పదార్థం మామూలు ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉండకూడదు. వేడిగా వడ్డించేది 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపు ఉండాలి. జనం ఎగబడే వేళ అనుభవం లేనివాళ్లు వడ్డన చూస్తారా, థర్మామీటర్ చూస్తారా? ఒక్కరికి కడుపు చెడినా సంఘం మీద నమ్మకం పోతుంది.

అయితే నోటిమాటతో సరిపెట్టుకుంటే రెండో పద్ధతిలోనూ మోసపోతారు. నాలుగు గంటల పని అర్ధరాత్రి దాకా సాగుతుంది. పని గంటలు, విశ్రాంతి, తిండి, మంచినీళ్లు, డబ్బు ఇచ్చే తేదీ అన్నీ కాగితం మీదకు రావాలి. మైనర్లను పొయ్యిల దగ్గరకూ సిలిండర్ల దగ్గరకూ పంపబోమని కూడా అందులో రాయాలి. ఇదంతా పెద్దలే మాట్లాడి పిల్లలకు టీషర్టులు పంచడం నాకు సమ్మతం కాదు. పనిచేసేవాళ్లలో ఇద్దరైనా ఆ చర్చలో కూర్చోవాలి. బేరం ఎలా కుదురుతుందో, ఎక్కడ పట్టుబట్టాలో వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

వచ్చిన జనం కోసం విరాళాల డబ్బా కూడా పెడితే దాన్ని ఇద్దరు కలిసి తెరవాలి, కలిసి లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి. నిధి దేనికోసమో ముందే బోర్డు మీద రాసి పెడితే ఇచ్చేవాళ్లూ ధైర్యంగా ఇస్తారు. ఉత్సవం ముగిసిన వారంలోగా జమాఖర్చులు అందరి ముందూ చదవాలి. చెత్త సంచులు మోసిన అమ్మాయి పేరు, ఆమె పనిచేసిన గంటలు కూడా ఆ కాగితంలో ఉండాలి.