గాజు ఒక్కటే కాదండీ
పోర్చుగల్‌లోని మరీన్యా గ్రాండ్ ఊరి గురించి మీరు బాగా రాశారు గానీ "గాజు ఊరు" అని అక్కడితో ఆపేశారేంటి, సగం కథ అయినా చెప్పలేదు. 1769లో విలియం స్టీఫెన్స్ అనే ఇంగ్లీషాయన అక్కడ మూతపడ్డ గాజు ఫ్యాక్టరీని మళ్ళీ నిలబెట్టాడు, అప్పట్లో పోర్చుగల్ రాజు దగ్గర మంత్రిగా చక్రం తిప్పుతున్న మార్క్విస్ ఆఫ్ పొంబల్ సర్కారు అప్పు ఇప్పించాడు, కొలిమిలోకి కట్టెలేమో పక్కనే లైరియా రాజుగారి పైన్ అడవి నుంచి ఫ్రీగా. అన్న తర్వాత తమ్ముడు నడిపి 1826లో పోతూ పోతూ మొత్తం పోర్చుగల్ దేశానికే రాసిచ్చేశాడు, ఈ రోజుల్లో ఎవడిస్తాడండీ అలా?

నాకు ఇంకా ఇంట్రెస్టింగ్ అనిపించేది అచ్చుల (మౌల్డుల) సంగతి. గాజు సామాన్లకి ఇనప అచ్చులు చేసి చేసి చెయ్యి తిరిగిన వాళ్ళే 1940ల్లో ప్లాస్టిక్ అచ్చుల్లోకి దిగారు, ఇప్పుడు ఆ చిన్న ఊళ్ళో వర్క్‌షాపుల్లో చేసిన అచ్చులు యూరప్ కార్ల కంపెనీలకి వెళ్తున్నాయి. ముడిసరుకు మారినా చేతిలో పని మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది అన్నమాట.

ఇంకోటి, 1934 జనవరి 18న, పోర్చుగల్ నియంత సలజార్ కార్మిక యూనియన్లని మింగేస్తుంటే గాజు కార్మికులు కొన్ని గంటలపాటు ఊరినే చేతుల్లోకి తీసుకున్నారు, దాని గురించి ఒక్క లైనూ లేదు. కట్టెలిచ్చిన ఆ లైరియా అడవి కూడా 2017 మంటల్లో 80 శాతానికి పైనే పోయింది పాపం.