హెచ్‌డీఎల్ 100 దాటితే గుండెకు ఢోకా లేదట!

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నడిచే మా గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మొన్న మా మేనత్త పంపింది, నిన్న కరీంనగర్ బావ. "మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) ఎంత ఎక్కువుంటే అంత మంచిది. హెచ్‌డీఎల్ 100 దాటితే గుండెపోటు రాదు. కొలెస్ట్రాల్ గోలీలు కంపెనీల దోపిడీ, మానేయండి. పరగడుపున రెండు చెంచాల నెయ్యి, రాత్రి ఒక్క పెగ్గు చాలు. కొలెస్ట్రాల్ ఫ్రీ నూనెలు మోసం. పది మందికి పంపండి."

నెయ్యితో హెచ్‌డీఎల్ కాస్త పెరుగుతుంది, దాని వెంటే చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ కూడా. రాసినాయనకు సగమే కనపడింది. పోనీయండి.

పెగ్గుతో హెచ్‌డీఎల్ పెరిగే మాట నిజమే. అందుకే 100 దాటిన అంకె చూస్తే మంచి డాక్టరు "సాయంత్రం ఏమన్నా అలవాటుందా?" అని అడుగుతాడు. పెగ్గుతో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఇంకో రకం కొవ్వు), బీపీ కూడా పెరుగుతాయి. వాటి సంగతి మెసేజ్‌లో లేదు. తాగనివాళ్లలో కూడా కొందరికి జన్యువుల వల్ల హెచ్‌డీఎల్ ఎక్కువుంటుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. కాలేయం మీద హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్‌ను దించుకునే తలుపు లాంటి ప్రొటీన్ ఒకటుంది. అది చెడిపోతే సరుకు దిగక రక్తంలోనే తిరుగుతుంది. రిపోర్టులో అంకె ఘనంగా ఉంటుంది, గుండెజబ్బు ముప్పు మాత్రం పెరుగుతుంది. 2016లో బయటపడ్డ సంగతి ఇది.

"ఎంత ఎక్కువుంటే అంత" అన్నదానికి డెన్మార్క్ లెక్క చూడండి. 2017లో కోపెన్‌హాగన్ పరిశోధకులు లక్షకు పైగా మందిని చూశారు. అందరికంటే తక్కువ మరణాలు మగవాళ్లలో హెచ్‌డీఎల్ 73 దగ్గర, ఆడవాళ్లలో 93 దగ్గర. మగవాళ్లలో 97 నుంచి 115 మధ్య ఉంటే చనిపోయే ముప్పు 36 శాతం ఎక్కువ, 116 దాటితే రెండింతలు. హెచ్‌డీఎలే చంపిందని దీనివల్ల రుజువు కాదు, వాళ్లు మన జనమూ కాదు. కానీ అది కవచమే అయితే లెక్క ఇలా తిరగబడదు కదా?

గోలీలతో పెంచి కూడా చూశారు. టోర్సెట్రాపిబ్ అనే గోలీ హెచ్‌డీఎల్‌ను 72 శాతం పెంచింది. ఆ పరీక్షలో గోలీ వేసుకున్నవాళ్లలో 93 మంది, వేసుకోనివాళ్లలో 59 మంది చనిపోయారు. 2006లో ఆపేశారు. అది బీపీ పెంచే మందు కాబట్టి అలా అయిందంటారా, సరే. అదే కోవలోని డాల్సెట్రాపిబ్‌కు ఆ గొడవ పెద్దగా లేదు, అయినా లాభం కనపడక 2012లో దాన్నీ ఆపారు. దోపిడీ అంటున్నారే, కోట్లు కుమ్మరించి హెచ్‌డీఎల్ పెంచే గోలీ అమ్ముకుందామని చూసింది ఆ కంపెనీలే. పనిచేయక నోరు మూసుకున్నాయి.

ఇక అసలు మంట. మెసేజ్ కింద మా గ్రూపు అన్న ఒకాయన తన రిపోర్టు ఫొటో పెట్టాడు. హెచ్‌డీఎల్ 108 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, కింద "నేటి నుంచి గోలీలు బంద్". పన్నెండు దండాలు, నాలుగు పూలగుత్తులు. ఆయనకు స్టెంట్ పడింది! టోటల్ కొలెస్ట్రాల్ 266, ట్రైగ్లిజరైడ్లు 190. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తే ఎల్‌డీఎల్ 120 తేలుతుంది. స్టెంట్ పడ్డ మనిషికి అది 70 లోపు ఉండాలి, యూరప్ డాక్టర్లయితే 55 లోపంటారు. 108 పోయి 120ని కొట్టేయదన్నా, రెండూ ఒకే ఖాతాలో జమాఖర్చులు కావు. స్టాటిన్, అంటే ఆ కొలెస్ట్రాల్ గోలీ, మానేస్తే ఎల్‌డీఎల్ కొన్ని వారాల్లోనే పాత చోటికి పోతుంది. మళ్లీ రక్తనాళం మూసుకుంటే కాజీపేట నుంచి అంబులెన్సులో వెంట వచ్చేది ఆ పూలగుత్తులు పెట్టినవాళ్లేనా?

ఒప్పుకోవాల్సినవి రెండున్నాయి. నూనె మాట నిజం. పల్లినూనెలో కొలెస్ట్రాల్ ఎన్నడుంది గనుక, ప్యాకెట్ మీద లేదని రాసుకోవడానికి! ఇంకోటి, ఈ భ్రమ వాట్సాప్‌లో పుట్టలేదు. 2001 నాటి అమెరికా మార్గదర్శకాల్లోనే హెచ్‌డీఎల్ 60 దాటితే ముప్పు కారణాల లెక్కలోంచి ఒకటి తీసేయమని ఉంది. డాక్టర్లు ఏళ్ల తరబడి చెప్పిందే జనం పట్టుకున్నారు.

"అయితే హెచ్‌డీఎల్ తగ్గించుకోవాలా?" అని అదే అన్న అడిగాడు. దాన్ని తగ్గించడానికంటూ మందు వాడరు. గోలీ రాసిన డాక్టరు దగ్గరికే రిపోర్టు తీసుకుపోయి, ఎల్‌డీఎల్ ఎందుకు దిగలేదో అడగాలి, లివర్ పరీక్ష చేయించాలా అని అడగాలి. సాయంత్రం ఎన్ని పెగ్గులో కూడా నిజం చెప్పాలి, వదినగారు పక్కనున్నా సరే.