కర్ర లేకపోతే కట్టుబాటే ఉండదా?

"మనిషి పుట్టుకతోనే స్వార్థపరుడు, నలుగురి సొత్తు ఎవరికీ పట్టదు, పైన ఒకడు కర్ర పట్టుకుంటే తప్ప నియమం పుట్టదు. మన పాత ఊళ్ళు మాత్రం ఒక్క మాట మీద నడిచేవి" అని ఒక ఫార్వర్డ్ ఆగకుండా తిరుగుతోంది. ఒక్కో మాటా చూద్దాం.

నలుగురి సొత్తు నాశనమేనట. ఇది 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ చెప్పిన కథ: ఎవరికి వాళ్ళు ఇంకో పశువును తోలుకొస్తే పచ్చికబయలు బోడి అవుతుందని. ఆ కథలో కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు! అలాంటి ఊరు ఎక్కడుంది? స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండ ఊళ్ళో, చలికాలం తన మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలిగితే అన్నిటినే ఉమ్మడి బయలుకు తోలాలని 1517లోనే రాసుకున్నారు. హార్డిన్ కూడా తర్వాత, తను చెప్పింది అజమాయిషీ లేని బయళ్ళ సంగతేనని సర్దుకున్నాడు. ఫార్వర్డ్ రాసినాయనకు అది చేరినట్టు లేదు.

పైవాడు లేకపోతే నియమం పుట్టదా? మన కర్నూలు జిల్లానే చూడండి. అక్కడి కాలువ కింది ఊళ్ళమీద రాబర్ట్ వేడ్ చేసిన పరిశోధన 1988లో వచ్చింది. కొన్ని ఊళ్ళు సర్కారు పంచాయతీతో పని లేకుండా తామే పెద్దల్ని కూర్చోబెట్టి, నీళ్ళు పారించడానికి మనుషుల్ని, పైరు కాయడానికి కావలివాళ్ళని పెట్టుకున్నాయి. ఊరి ఖర్చుకు డబ్బెలాగంటే, కోతలయ్యాక చేలల్లో గొర్రెల్ని మేపుకునే హక్కును మందలవాళ్ళకు అమ్మేవాళ్ళు. అసలు సంగతి ఇది: కాలువ మొదట్లో, నీళ్ళకు కొదవలేని ఊళ్ళలో ఈ ఏర్పాటు తక్కువ, చివర్న నీళ్ళొస్తాయో రావో అని టెన్షన్ పడే ఊళ్ళలో ఎక్కువ. జిల్లా అదే, స్వార్థమూ అదే, పైనున్న ప్రభుత్వమూ అదే. తేడా అల్లా అవసరంలోనే.

కర్ర భయం ఒక్కటే నియమాన్ని నిలబెడుతుందన్నది సగం నిజం. స్పెయిన్‌లోని వలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు రైతులే ఎన్నుకున్న ఎనిమిది మంది రైతులు కూర్చుని నీటి తగాదాలు నోటిమాటగా తేలుస్తారు. జరిమానా ఉంటుంది, కానీ వేసేది తమలాంటి రైతే.

ఇక "పాత ఊళ్ళు ఒక్క మాట మీద నడిచేవి" అన్నది. కర్ర లేనిదే నియమం లేదని ఆ ఫార్వర్డే చెప్పినదానికి ఇదే అడ్డం, సరే. కానీ ఎవరి మాట మీద? కర్నూలు ఊళ్ళలోనూ పెత్తనం భూమి ఉన్నవాళ్ళదే, తమ చేలు ఎండకూడదని వాళ్ళు పూనుకున్నారు కాబట్టే అది నడిచింది. కూలికి వెళ్ళేవాళ్ళని ఎవరూ అడగలేదు. దళితుల్ని ఊరి బావి దగ్గరకు రానివ్వనిది కూడా ఊరి కట్టుబాటే, దాన్ని నేరం చెయ్యడానికి 1955లో చట్టమే రావాల్సి వచ్చింది.