బాసిల్లస్ తొందరపాటుపై మా సంఘం తీవ్ర అభ్యంతరం

హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది 2014 అక్టోబర్ 12న. ఆ వారం మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటులో కరెంటు లేదు, మోటారు లేదు, నీళ్లూ లేవు. కరెంటు రాగానే జనరల్ బాడీ పెట్టి, మళ్లీ ఇలాంటిదొస్తే ఏం చేయాలో ఒక ప్రణాళిక రాసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. దాని ముసాయిదా ఇప్పటికీ నా బీరువాలో భద్రంగా ఉంది. తొందరపడి ఖరారు చేసేసే రకం కాదు మా సంఘం.

ఇంత నిలకడగా నడుస్తున్న మమ్మల్ని మొన్న ఆదివారం ఒక బాక్టీరియాతో పోల్చారు. పోల్చింది ఆంధ్రా యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదువుతున్న మా మేనకోడలు. "బాసిల్లస్ సబ్టిలిస్ అయితే మీ ప్లాను ఎనిమిది గంటల్లో తేల్చి పారేస్తుంది మావయ్యా" అంది, పెసరట్టు తుంచుకుంటూ. కార్యదర్శిగా దీనికి జవాబు చెప్పడం నా విధి.

మట్టిలో బతికే ఈ జీవికి దాదాపు 4,200 జన్యువులు. తిండి దండిగా దొరికితే అరగంట తిరక్కుండా ఒకటి రెండవుతుంది. జన్యువుల్ని చదివే యంత్రం ఒకటే. ఏవి చదవాలో చెప్పేది మాత్రం దానికి అతుక్కునే సిగ్మా అనే ప్రోటీన్. పెళ్లింట్లో వంటవాడు ఒకడే, చేతికిచ్చిన చీటీని బట్టి పులిహోరో, కాజాలో చేసినట్టు. పెరిగే రోజుల్లో సిగ్మా-ఎ చీటీ నడుస్తుంది. కరువు కాలానికి పనికొచ్చే జన్యువులకు కోడ్‌వై అనే ప్రోటీన్ తాళమేసి కూర్చుంటుంది, సరుకు తగ్గిందని తెలిసేదాకా తీయదు. ఇక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు. మా జనరేటర్ గదికీ తాళం ఉంది. తాళంచెవి ఉన్నాయన హైదరాబాద్‌లో ఉంటాడు.

తిండి తగ్గాక మొదలవుతుంది అసలు తంతు: గట్టి పొరలు కప్పుకుని, మంచి రోజులొచ్చేదాకా నిద్రపోయే స్పోర్‌గా మారడం. మేనకోడలు చెప్పిన ఎనిమిది గంటల ప్లాను ఇదే. కైనేజ్ అనే ఎంజైము ఒక ఫాస్ఫేటు ముక్కను స్పో-జీరో-ఎఫ్ అనే ప్రోటీన్‌కి అందిస్తుంది, అది స్పో-జీరో-బికి, అది స్పో-జీరో-ఎకి. ఈ చివరిదానికి ముక్కలు సరిపడా చేరితేనే స్పోర్ పనికి అనుమతి. దారిలో ఆ ముక్కను ఊడబెరికే ర్యాప్ అనే ప్రోటీన్లు కాచుకుని ఉంటాయి. ఫైలు వెనక్కి కొట్టేవాళ్లు అక్కడా ఉన్నారని విని, నిజం చెప్పొద్దూ, మనసు కాస్త కుదుటపడింది. కానీ చుట్టూ జనాభా పెరిగితే, వాళ్లు వదిలిన పెప్టైడ్లు, అంటే బుల్లి ప్రోటీన్ తునకలు, లోపలికొచ్చి ర్యాప్ చేతులు కట్టేస్తాయట. దీన్ని కోరం సెన్సింగ్ అంటారట. కోరం! మా 24 ఫ్లాట్లలో 16 మంది వస్తేనే కోరం. వాచ్‌మన్‌ని కలుపుకున్నా ఏనాడూ ఏడుగురు దాటలేదు. ఆ మాట విలువ మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంకో దారుణం 2003లో బయటపడింది. ముందుగా సిద్ధమైన కణాలు విషం వదిలి, ఇంకా తేల్చుకోని తోబుట్టువుల్ని చంపి తినేస్తాయి. ఎందుకయ్యా అంటే, స్పోర్‌గా మారే పనిని ఇంకాస్త వాయిదా వేసుకోవడానికి! వాయిదా కోసం ఇంత రక్తపాతమా? మేం టీ, సమోసాలతో సాధిస్తున్నాం.

ఇక కణం మధ్యలో కాకుండా ఓ మూలకి గోడ కడుతుంది. చిన్న గదిలోకి అప్పటికి చేరేది క్రోమోజోములో మూడో వంతే. మిగతాది గోడలో ఉన్న పంపు లోపలికి లాగుతుంది. జనరల్ బోగీలో ఒకడు ముందు దూరిపోయి, రైలు కదులుతుంటే కిటికీలోంచి సామాను లాక్కోవడం విశాఖ స్టేషన్లో మీరూ చూసే ఉంటారు. చిన్న గదిలో సిగ్మా-ఎఫ్ పని మొదలెట్టి కబురంపితేనే పెద్ద గదిలో సిగ్మా-ఇ లేస్తుంది. తర్వాత ఇటు జి, ఆ పైన అటు కె. ఒక గది మాట వినకుండా ఇంకో గది అడుగెయ్యదు. గోడ లేచి ఈ చీటీలు మారాక, మళ్లీ తిండి పెట్టినా పని ఆగదు. పునఃపరిశీలన లేదు, సబ్‌కమిటీ లేదు.

చివరికి పెద్ద గది, అంటే తల్లికణం, స్పోర్‌గా మారుతున్న చిన్న గదిని కడుపులో పెట్టుకుని, పొర మీద పొర కప్పి, తాను పగిలి చచ్చిపోతుంది. సన్మానం లేదు, శాలువా లేదు. హుద్‌హుద్ నాటి నుంచీ కార్యదర్శిగా ఉన్న నేను ఈ పద్ధతిని ఏ మాత్రం సమర్థించలేను.

ఇవన్నీ చెబుతుంటే మేనకోడలు లేచి, స్టవ్ పక్కన పొద్దున్నుంచీ ఉన్న అన్నం గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. "దీని చుట్టం బాసిల్లస్ సీరియస్ ఉంది మావయ్యా. దాని స్పోర్లు ఎసట్లో ఉడికినా చావవు. ఈ ఉక్కలో గిన్నె బయటుంటే మొలకెత్తి, వాంతులు పట్టిస్తాయి." సీరియస్ అన్నది పేరేనట, హెచ్చరిక అనుకున్నాను.

బుధవారం సభలో బాసిల్లస్‌పై అభిశంసన తీర్మానం పెట్టాను. కోరం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనమంటున్నారు కాబట్టి, వచ్చే నెలకి వాయిదా వేశాం.