మున్నా చచ్చిపోయాడు బాబూ, ఇక వదిలేయండి

ముందే చెప్తున్నా, మిర్జాపూర్ అనే హిందీ గ్యాంగ్‌స్టర్ వెబ్ సిరీస్ మూడు సీజన్లూ చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. ఎవరు పోయారో, ఎవరు మిగిలారో అంతా చెప్పేస్తాను. పాతాళ్ లోక్ అనే ఇంకో క్రైమ్ సిరీస్ రెండో సీజన్‌లో ఒక ముఖ్యమైన సంగతి కూడా బయటపడుతుంది. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నాలుగో సీజన్ మాట ఎత్తితే చాలు, మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: డాన్ కాలీన్ భయ్యా కొడుకు మున్నా వస్తాడా? ఆఫీసులో టీ తాగుతుంటే ఇదే, పెళ్లిలో బంతి కోసం నిలబడితే ఇదే, బావమరదుల వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి ఇదే. కాలీన్ భయ్యా గద్దె నిలబెట్టుకుంటాడా, ఆయన శత్రువు గుడ్డూ మళ్లీ లేస్తాడా అని అడిగేవాడు పదిమందిలో ఒకడు కూడా ఉండడు. అడిగితే గిడితే చివర్లో, చేతులు కడుక్కుంటూ అడుగుతాడు.

మున్నా చచ్చిపోయాడండీ. 2020 అక్టోబరులో వచ్చిన రెండో సీజన్ చివర గుడ్డూ, అతని మరదలు గోలూ కలిసి తండ్రీకొడుకులిద్దరి మీదా కాల్పులు జరిపారు. తండ్రిని ఇంకో ముఠా నాయకుడు శరద్ శుక్లా ఎత్తుకుపోయి బతికించుకున్నాడు. కొడుకు అక్కడే పోయాడు. అయినా జనం ఒప్పుకోలేదు. 'నేను అమరుణ్ణి' అని మున్నానే అన్నాడు కదా, మొదటి సీజన్‌లో తూటాలు తగిలినా బతికి బయటపడ్డాడు కదా, కాబట్టి రాసినవాళ్లు మనకి ముందే హింట్ ఇచ్చారట! తాగి, మదమెక్కి, తండ్రి మెప్పు కోసం కొట్టుకు చచ్చే కుర్రాడు తన గురించి తాను కొట్టుకున్న డప్పుని శాసనంలా పట్టుకున్నారు. అంత డప్పు కొట్టుకున్నవాడు కుక్కచావు చావడమే కదా అక్కడ కథ! ఆ మాట వాడి నోట పెట్టింది అందుకే.

సరే, అనుమానం ఉందనుకుందాం. 2024 జులైలో మూడో సీజన్ వచ్చింది. మొదట్లోనే మున్నాకి అంత్యక్రియలు. భార్య మాధురి, అప్పటికి ముఖ్యమంత్రి, తనే చితికి నిప్పు పెట్టింది. దీనికి మించి ఏం చూపించాలి? మరణ ధ్రువీకరణ పత్రం తెర మీద వేయాలా? వేసినా, అందులో స్పెల్లింగ్ తప్పు ఉంది, కాబట్టి పోయింది మున్నా కాదు అంటారు మావాళ్లు. చితి మీద ముఖం సరిగా కనబడలేదన్నవాణ్ణి నేను కళ్లారా చూశాను. ఇంజనీరింగ్ చదివాడు.

మూడో సీజన్‌లో మున్నా లేడని ఎంత గొడవ చేశారో అందరికీ తెలుసు. ఆ సీజన్ నాకూ అంత నచ్చలేదు. మధ్యలో సాగింది, రాజకీయం ఎక్కువై కత్తి మొద్దుబారింది. కానీ అది నడకలో లోపం. జనం మాత్రం 'మున్నా లేడు కాబట్టి బాగాలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దానికి ఫలితం ఏమిటి? అదే ఏడాది ఆగస్టు 30న బోనస్ ఎపిసోడ్ అని ఒకటి వదిలారు. మున్నా వచ్చాడు. ఎలా వచ్చాడు? వ్యాఖ్యాతలాగా కూర్చుని, ఎడిటింగ్‌లో తీసేసిన సీన్లు చూపించి పోయాడు. అంత ఎదురుచూసిన జనమే దాన్ని చీల్చి చెండాడారు. మీరే కదయ్యా అడిగారు! కథలో చోటు లేనివాణ్ణి బలవంతంగా లాక్కొస్తే ఇలాగే వస్తాడు.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. అమ్మ కార్తీక దీపం వదలకుండా చూసేది. 2022లో ఆ సీరియల్‌లో డాక్టర్ బాబునీ వంటలక్కనీ ప్రమాదంలో చంపేసి కథని పిల్లల మీదికి తిప్పారు. జనం ఊరుకోలేదు, రేటింగులు పడ్డాయి, అదే ఏడాది ఇద్దరూ బతికొచ్చారు. అప్పుడు మా ఇంట్లో కుర్రకారంతా అమ్మని ఎంత ఏడిపించారో చెప్పలేను. 'లోయలో పడ్డా చావరా అత్తా మీవాళ్లు', 'ప్లాస్టిక్ సర్జరీ ఎప్పుడు', ఒకటే వెటకారం. అమ్మ నవ్వి ఊరుకునేది. ఆవిడకి తెలుసు అది సీరియల్ అని. ఈ వెటకారం చేసిన కుర్రాళ్లే ఇప్పుడు మున్నాకి కవల సోదరుడు ఉండొచ్చని, డాక్టరుని కొనేసి ఉండొచ్చని, చితి మీద వేరే శవం పెట్టారని నాకు వివరిస్తున్నారు. మొన్న అమ్మ విని, 'ఇది మాకు మా సీరియల్ విలన్ మోనిత ఎప్పుడో చూపించింది లేరా' అంది. ఆవిడతో వాదించలేక వాళ్లు ఫోన్లు చూసుకున్నారు.

థియరీలు కట్టడం తప్పని నేను అనట్లేదు. నేనూ కడతాను, మహా సరదా అది. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఈ రాష్ట్రాల్లో మనుషులు వేరే పని చేశారా? కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అన్న ఒక్క ప్రశ్న మీద ఎన్ని కథలు అల్లాం! రాజమాత ఆజ్ఞ అని కొందరు, కట్టప్పని ఎవరో మోసం చేశారని కొందరు. చిన్నపిల్లల దగ్గర కూడా ఒక వెర్షన్ ఉండేది. కానీ గమనించండి, మనం అడిగింది 'ఎందుకు' అని. అసలు చంపలేదేమో, వెన్నులో దిగిన కత్తి పక్కకి పోయిందేమో అని ఎవరూ నాతో వాదించలేదు. ఆ చావుని ఒప్పుకున్నాం కాబట్టే కారణం కోసం అంత కొట్టుకున్నాం. రెండో భాగంలో బాహుబలి నిజంగానే పోయాడు, కారణం తెలిసింది, థియేటర్లో గుండె బరువెక్కింది. ఇంతకీ నేను చచ్చిపోలేదు అని వచ్చుంటే ఈలలు పడేవేమో గానీ ఆ సినిమా మిగిలేది కాదు.

సేక్రెడ్ గేమ్స్ అనే హిందీ సిరీస్ రెండో సీజన్ చివర కూడా అంతే. బాంబు పేలిందో ఆగిందో చెప్పకుండా తెర దించేశారు. ఆ 2019 ఆగస్టు నుంచి ఈరోజు వరకు దాని మీద మాట్లాడుకోవచ్చు, ఎందుకంటే అక్కడ ప్రశ్నని రాసినవాళ్లే వదిలి వెళ్లారు. మిర్జాపూర్‌లోనే త్యాగీల కవలలు ఉన్నారు కదా, ఒకడు పోయాక మిగిలింది భరతా, శత్రుఘ్నుడా అని తల బద్దలు కొట్టుకున్నాం. అదీ న్యాయమే, ఆ ముడి కథే వేసింది. మున్నా దగ్గర ముడి ఎక్కడుంది? బూడిద ఉంది.

దీనికి పెద్దలు చెప్పే సమాధానం షెర్లాక్ హోమ్స్. 1893లో కోనన్ డాయిల్ విసుగొచ్చి హోమ్స్‌ని జలపాతంలో పడేసి చంపేశాడు, పాఠకులు గోల చేశారు, 1903లో మళ్లీ బతికించాడు, లోకం ఏమీ మునిగిపోలేదు కదా అంటారు. నిజమే. కానీ అందులో రెండు సంగతులు మర్చిపోతారు. ఒకటి, హోమ్స్ శవం ఎవరికీ దొరకలేదు. మిత్రుడు వాట్సన్ అక్కడికి చేరేసరికి ఒక ఉత్తరం, చేతికర్ర, కొన్ని అడుగుజాడలు లాంటివి తప్ప ఏమీ లేవు. డాయిల్ తెలిసి వదిలాడో తెలియక వదిలాడో, తలుపు ఓరగా ఉండిపోయింది. రెండు, డాయిల్ తొందరపడి బతికించలేదు. 1901లో వేటకుక్క నవల మొదలుపెట్టినప్పుడు దాన్ని హోమ్స్ చావుకి ముందు జరిగిన కేసుగా రాశాడు. చచ్చినవాడు చచ్చినట్టే ఉన్నాడు, పాఠకులకి హోమ్స్ దొరికాడు.

మిర్జాపూర్‌ని సినిమాగా తీస్తున్నామని 2024 అక్టోబరులో ప్రకటించినప్పుడు అందులో మున్నా కనబడ్డాడు, మొదటి సీజన్‌లోనే పోయిన కాంపౌండర్ కూడా కనబడ్డాడు. పాత రోజుల కథ చెప్తామంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, మొదటి రోజే వెళ్లి చూస్తాను. దివ్యేందు మున్నా పాత్ర చేసిన తీరుకి నేనూ దండం పెడతాను. తండ్రి ఎదుట నిలబడ్డప్పుడు ఆ కళ్లలో భయం, ఉక్రోషం, 'ఒక్కసారి శెభాష్ అను నాన్నా' అన్న ఆకలి, మూడూ ఒకేసారి కనబడతాయి. అలాంటి నటుణ్ణి మిస్ అవ్వడం సహజం. ఆ లోటుకి మందు చితి మీంచి లేపడం కాదు.

ఇంకో సంగతి. ఇది చాలామందికి నచ్చదు, అయినా అంటాను. మున్నా చంపినవాళ్లు గుర్తున్నారా? మొదటి సీజన్ చివర ఆ పెళ్లింట్లో గుడ్డూ తమ్ముడు బబ్లూని చంపాడు. గుడ్డూ భార్య, కడుపుతో ఉన్న స్వీటీని చంపాడు. గుడ్డూ కళ్లెదుటే. 2018 నవంబరులో ఆ ఎపిసోడ్ అయ్యాక నేను లేచి లైటు వేసుకున్నాను, మంచినీళ్లు తాగాను, అన్నం తినబుద్ధి కాలేదు. ఇప్పుడు చెప్పండి, స్వీటీ బతికే ఉందేమో అన్న థియరీ ఒక్కటి చూపించండి. బబ్లూ తిరిగొస్తాడన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. బబ్లూ ఆ ఇంట్లో లెక్క తెలిసిన ఒకే ఒక్క బుర్ర. అన్న కండలు, తమ్ముడి తెలివి, ఆ రెండూ కలిస్తేనే కథ నడిచింది. విక్రాంత్ మాస్సే ఏం తక్కువ నటుడా? వాళ్లిద్దరి చావునీ కిమ్మనకుండా ఒప్పుకున్నాం, 'అయ్యో పాపం' అని స్టేటస్ పెట్టి మర్చిపోయాం. చంపినవాడి చావుని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాం. మీమ్‌లు వాడివే, రింగ్‌టోన్లు వాడివే, భయ్యా అన్న పిలుపూ వాడికే.

గోలూని చూడండి. లైబ్రరీలో పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్ల, కాలేజీ ఎన్నికల్లో నిలబడ్డ పిల్ల, అక్క స్వీటీ పోయాక తుపాకీ పట్టింది. గుడ్డూ రెండో సీజన్ పొడుగునా కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఆ కుంటి నడక చూసినప్పుడల్లా ఆ పెళ్లిల్లు గుర్తొచ్చేది. వీళ్లిద్దరి బతుకంతా ఆ ఒక్క పగ తీరడం కోసం ఖర్చయిపోయింది. రేపు మున్నా 'నేను అమరుణ్ణి' అంటూ తలుపు తోసుకుని వస్తే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? అలా వచ్చాక ఇక ఎవడి తలకి తుపాకీ పెట్టినా మనకి టెన్షన్ ఏముంటుంది? పోతే పోయాడు, వచ్చే సీజన్‌లో వస్తాడులే అనుకుంటాం.

పాతాళ్ లోక్ వాళ్లని చూసి నేర్చుకోవాలి. 2025 జనవరిలో వచ్చిన రెండో సీజన్‌లో, హీరో పోలీసు హాథీరామ్ దగ్గర ఒకప్పుడు పనిచేసిన అన్సారీని తీసేశారు. ఎంత ఇష్టమైన పాత్ర! ఐపీఎస్ అయ్యాడు, హాథీరామ్ కంటే పైస్థాయికి వెళ్లాడు, అయినా ఆ గౌరవం అలాగే ఉంది ఇద్దరి మధ్యా. అలాంటివాణ్ణి సగంలో చంపేశారు. డప్పుల్లేవు, చివరి డైలాగుల్లేవు. మిగతా ఎపిసోడ్లన్నిటా హాథీరామ్‌గా చేసిన జైదీప్ అహ్లావత్ ముఖంలో ఆ చావు మోస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కానీ అన్సారీ తిరిగి రావాలని నేను కోరుకోను. వస్తే హాథీరామ్ పడ్డ ఆ బాధకి అర్థం లేకుండా పోతుంది.

నాలుగో సీజన్ మీద కొట్టుకోవాలంటే బోలెడంత సరుకుంది. కాలీన్ భయ్యా నిండు సభలో శరద్‌ని కాల్చి గద్దె మీదికొచ్చాడు, ఇప్పుడాయనకి వారసుడు ఎవరు? ఆయన భార్య బీనా బిడ్డ ఎవరి బిడ్డ, ఆ సంగతి బయటపడితే బీనాని ఏం చేస్తారు? జైలు నుంచి బయటికి తెచ్చిన గుడ్డూని గోలూ ఎంతకాలం అదుపులో పెట్టగలదు? ముఖ్యమంత్రి మాధురి ఎవరి పక్షం?

నన్నడిగితే మాత్రం గుడ్డూ చెల్లెలు డింపీ. అన్నల్లో ఒకణ్ణి మున్నా చంపాడు. ఇంకో అన్న కోపం పట్టలేక రాబిన్ని, డింపీ ప్రేమించినవాణ్ణి, చేతులతోనే చంపాడు. మూడో సీజన్ మొత్తంలో నన్ను వెంటాడింది ఆ సీనే. గుడ్డూని చంపేది కాలీన్ భయ్యా కాదనీ, ఆ ఇంటి ఆడపిల్లే ఏదో ఒకరోజు ఆ పని చేస్తుందనీ నా థియరీ. గోలూ ఆ రోజు ఎటు నిలబడుతుందన్నది తేల్చుకోలేకపోతున్నాను, ఎవరికైనా ఏమైనా తడితే కింద రాయండి. మున్నా గురించైతే వద్దు, బ్లాక్ చేస్తాను.