సోలెడు బియ్యంతో ఊరందరికీ భోజనాలా, బావా?

ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. ముందు మా పెదబావ పంపాడు, తర్వాత టెన్త్ క్లాస్ గ్రూపులో వచ్చింది, ఆనక విజయనగరం మేనత్త కొడుకు పంపాడు, నిన్న రాత్రి మళ్లీ బావే. "సీరియల్ డీవీడీల మోసం" అని మొదలవుతుంది. దూరదర్శన్‌లో వచ్చిన 78 ఎపిసోడ్ల పాత సీరియల్‌ని ఇరవై డిస్కులు చేసి అమ్మి కంపెనీలు దోచేస్తున్నాయట. ఏదో సాఫ్ట్‌వేర్‌తో అంతా ఒక్క డీవీడీలోకి ఎక్కించేయొచ్చట, "క్వాలిటీ ఇసుమంత తగ్గద"ట. చివర్లో ఓ ఉచిత సలహా: మీ పెళ్లి క్యాసెట్లు కూడా ఇలాగే ఎక్కించేసి, పాతవి పారేయండి.

శ్రీకాకుళంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికినవాణ్ణి. ఎలా ఊరుకుంటాను?

డిస్కు మీద 4.7 జీబీ అని వేస్తారు, కంప్యూటర్లో 4.37 చూపిస్తుంది, ఇదీ దొంగతనమేనట. కాదు. వాళ్లు వెయ్యితో లెక్కపెడతారు, కంప్యూటర్ 1024తో. బైట్లు అవే. వదిలేద్దాం.

హెచ్‌డీ టీవీలో పెడితే డీవీడీ కూడా హెచ్‌డీ అయిపోతుందట. అయిపోదు. అందులో ఉన్నది 720 బై 576 చుక్కల బొమ్మ. టీవీ దాన్ని సాగదీస్తుంది, అంతే.

ఇక ఆ ఒక్క డిస్కు. ఎపిసోడ్ 35 నిమిషాలనుకుంటే మొత్తం 45 గంటల పైమాటే. 4.7 జీబీని ఆ సెకన్లన్నిటికీ పంచితే సెకనుకి 230 కిలోబిట్లు, అంటే ఒక్కో సెకను వీడియో రాసుకోవడానికి దొరికే డేటా అంతే, అదీ బొమ్మకీ మాటకీ కలిపి. మనం అద్దెకి తెచ్చుకున్న వీసీడీల్లో బొమ్మ ఒక్కదానికే 1,150 ఉండేవి. డీవీడీలో 9,800 దాకా వాడుకోవచ్చు. అంటే బావ గారి "తగ్గని క్వాలిటీ" వీసీడీలో ఐదో వంతు!

నవ్వి ఊరుకునేవాణ్ణే, ఆ క్యాసెట్ల సలహా లేకపోతే. ఒకాయన కూతురి పెళ్లి వీడియో నాలుగు గంటలదీ ఒకే డీవీడీలో కావాలని పట్టుబట్టాడు. సరేనని చేసిచ్చాను. పీటల మీద కూర్చున్నంతసేపూ బానే ఉంది. కదలనిచోట ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడా రాసుకుంటే చాలు కదా. తలంబ్రాలు మొదలయ్యాయి. ఒక్కో గింజ ఒక్కో దారిన పడుతుంటే ప్రతి ఫ్రేమూ కొత్తదే, రాయడానికి బిట్లు లేవు. పెళ్లికూతురి మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది, తలంబ్రాలు పసుపు ముద్దలయ్యాయి. పాత క్యాసెట్ అయితే మరీ ఘోరం. టేపు మీద చుక్కల గోల కూడా బొమ్మే అనుకుని సాఫ్ట్‌వేర్ దానికీ బిట్లు తగలేస్తుంది. ఆయన క్యాసెట్ దాచుకున్నాడు కాబట్టి మళ్లీ రెండు డిస్కుల్లో చేసిచ్చాను. పారేసి ఉంటే ఆ మొహం ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఒకసారి తక్కువ చోటులో పట్టేలా వీడియోని నొక్కేసినప్పుడు పోయిన వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

మన సముద్రపు గాలికి టేపులకి బూజు పడుతుంది, నిజమే. కాపీ తీయించండి. కానీ మనం రాసుకునే డీవీడీలో ఉన్నది ఓ రంగు పొర, ఎండకీ వేడికీ అదీ పాడవుతుంది. క్యాసెట్ పారేసి దాన్ని నమ్ముకోమంటాడా, ఈ మెసేజ్ రాసిన మహానుభావుడు? వాళ్లింట్లో పెళ్లిళ్లు కాలేదేమో.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. సీరియల్ మొత్తం ఒక్క డిస్కులో పట్టడం అబద్ధమేం కాదు. డీవీడీ లాంటిదే అయినా చాలా ఎక్కువ పట్టే బ్లూ-రే డిస్కు, 50 జీబీది అయితే సెకనుకి 2,400 కిలోబిట్ల పైనే వస్తాయి. దాని మీద హెచ్.264 అనే, డీవీడీ పద్ధతి కంటే తక్కువ బిట్లతో పని కానిచ్చే పద్ధతిలో నొక్కితే ఆ కాలం వీడియో టేపు బొమ్మకి చక్కగా సరిపోతుంది. ఇరవై డిస్కులు అక్కర్లేదు. ఆ మాటకి బావే గెలిచాడు.

కాకపోతే బ్లూ-రే ప్లేయర్ ఉండాలి. బావా, మీ ఇంట్లో ఉన్నది డీవీడీ ప్లేయర్. దాని మీద అక్క అల్లిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. ముందు అవి తీసి, అదింకా పనిచేస్తోందో లేదో చూడు.