చంద్రుడి ముందు నుంచి దూసుకెళ్లే ఆ నల్ల మచ్చ గ్రాఫిక్స్ కాదు

చంద్రుడి ముందు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అదే ఐఎస్‌ఎస్, దాటిపోతున్న వీడియో ఎప్పుడు బయటికొచ్చినా దాని వెనకే ఒక పోస్టు కూడా తిరుగుతుంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది: "గంటకు 27 వేల కిలోమీటర్ల వేగంతో పోయేదాన్ని మామూలు టెలిస్కోప్‌తో ఎవడు తీయగలడు? వంద మీటర్ల వస్తువు 400 కిలోమీటర్ల దూరం నుంచి ఎలా కనిపిస్తుంది? ఒక వీడియోలో నల్లగా, ఇంకోదాంట్లో తెల్లగా ఎందుకుంది? దగ్గర్లో ఉన్న స్టేషనూ, 3,84,000 కిలోమీటర్ల దూరంలోని చంద్రుడూ ఒకేసారి ఫోకస్‌లో ఎలా ఉంటాయి? చంద్రుడు అందరికీ కనిపిస్తాడు కదా, ఇది ఆ ఒక్కడికే ఎలా కనిపించింది? అంతా గ్రాఫిక్స్."

ప్రశ్నలు చెడ్డవేం కావు. చివరిదైతే నిజంగా మంచి ప్రశ్న. జవాబు వెతక్కుండానే తీర్పు చెప్పేయడంతోనే వచ్చింది చిక్కు.

ముందు వేగం సంగతి చూద్దాం. ఐఎస్‌ఎస్ సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్లు పోతుంది. వినడానికి కళ్లు తిరిగే అంకే. కానీ కెమెరాకు కిలోమీటర్లతో పని లేదు. ఆకాశంలో అది ఎంత కోణం జరిగిందన్నదే లెక్క. సరిగ్గా నడినెత్తి మీదుగా పోయేటప్పుడు ఐఎస్‌ఎస్ సెకనుకు ఇంచుమించు ఒక డిగ్రీ జరుగుతుంది. పది కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో నెత్తి మీదుగా పోయే విమానం సెకనుకు దాదాపు 1.4 డిగ్రీలు జరుగుతుంది. అంటే కింద నిలబడి చూసేవాడికి విమానమే జోరుగా పోతుంది! విమానాన్ని వీడియో తీయడం అసాధ్యమని మాత్రం ఎవరూ పోస్టు పెట్టరు.

చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. కాబట్టి స్టేషన్ దాన్ని దాటడానికి అర సెకను పడుతుంది. చంద్రుడు కిందికి వాలి ఉంటే స్టేషన్ ఇంకా దూరంగా ఉంటుంది గనక సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. సెకనుకు 60 ఫ్రేములు తీసే కెమెరాకు అర సెకనులో 30 ఫ్రేములు దొరుకుతాయి. షట్టర్ సెకనులో వెయ్యో వంతు పెడితే, ఆ కాస్త వ్యవధిలో స్టేషన్ జరిగేది దాని పొడవులో పద్నాలుగో వంతు మాత్రమే. చంద్రుడి వెలుగు బాగానే ఉంటుంది కాబట్టి అంత చిన్న ఎక్స్‌పోజర్ పెట్టినా చిత్రం చీకటి కాదు. "మరి వీడియోలో నింపాదిగా నడుస్తోందేం?" అని కూడా అడుగుతారు. వేగం తగ్గించి పెట్టారు కాబట్టి. అసలు వేగంతో పెడితే ఏం చూశామో తెలిసేలోపే అయిపోతుంది.

ఇక సైజు. ఐఎస్‌ఎస్ పొడవు 109 మీటర్లు. 400 కిలోమీటర్ల దూరంలో అది ఎంత కనిపిస్తుందో తెలియాలంటే సెంటీమీటరు వెడల్పున్న చొక్కా గుండీని 37 మీటర్ల దూరంలో పెట్టి చూడండి. లెక్క రెండింటికీ ఒకటే. గుండీ అక్కడ ఉందని మామూలు కంటికి లీలగా తెలుస్తుంది. పదింతలు పెద్దది చేసి చూపే బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు 20 సెంటీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోప్‌లో సోలార్ ప్యానెళ్లు విడివిడిగా కనిపించడంలో వింతేముంది? గాలి కుదురుగా ఉండాలంతే. అది కుదరని రోజు ఎంత ఖరీదైన టెలిస్కోప్‌లోనైనా స్టేషన్ నలిగిన కాగితం ముక్కలా వస్తుంది.

నలుపు, తెలుపు గొడవలో మోసం లేదు, ఉన్నది భూమి నీడ. ఐఎస్‌ఎస్‌కు సొంత వెలుగు లేదు. సూర్యకాంతి పడితేనే మెరుస్తుంది. పొద్దుగూకిన కాసేపటికి మనకు చీకటి పడినా, అంత ఎత్తులో ఉన్న స్టేషన్ మీద ఇంకా ఎండ పడుతూనే ఉంటుంది. ఆ సమయంలో చంద్రుడి ముందు నుంచి పోతే తెల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే చంద్రుడి నేల మనం అనుకున్నంత తెల్లనిది కాదు, పడిన వెలుగులో ఎనిమిదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే తిప్పికొడుతుంది. బాగా రాత్రయ్యాక స్టేషన్ భూమి నీడలోకి వెళ్లిపోతుంది. అప్పుడు వెనక వెలుగుతున్న చంద్రుడి మీద నల్లటి ఆకారంగా కనిపిస్తుంది. నీడలో ఉన్న స్టేషన్ మామూలుగా కంటికి అసలు కనిపించదు. చంద్రుడి మీదుగా పోయే ఆ క్షణంలోనే దాని జాడ తెలుస్తుంది.

ఫోకస్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2 మీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉండే దూరం) ఉన్న టెలిస్కోప్‌ను చంద్రుడికి ఫోకస్ చేశాక, 400 కిలోమీటర్ల దూరంలోని స్టేషన్ కోసం మళ్లీ సరిచేయాల్సి వస్తే జరపాల్సింది మిల్లీమీటరులో వందో వంతు. మామూలు టెలిస్కోపుల్లో అంతకు పదింతలు జరిగినా బొమ్మలో తేడా తెలియదు. టెలిస్కోప్‌కు ఆ రెండు దూరాలూ ఒకటే.

ఇప్పుడు ఆ మంచి ప్రశ్నకు వద్దాం. చంద్రుడు అందరికీ కనిపిస్తున్నప్పుడు స్టేషన్ దాటిపోవడం అందరికీ ఎందుకు కనిపించదు? బొటనవేలు చాచి, ఒక కన్ను మూసి చూడండి. తర్వాత రెండో కన్ను. వేలు కదలదు, దాని వెనకున్న గోడ మీద అది కనిపించే చోటు మారిపోతుంది. ఇక్కడ వేలు ఐఎస్‌ఎస్, గోడ చంద్రుడు. చంద్రుడు స్టేషన్‌ కంటే దాదాపు వెయ్యి రెట్లు దూరంలో ఉన్నాడు. చూసేవాడు పక్కకు పది కిలోమీటర్లు జరిగితే చంద్రుడి చోటు మారినట్టే ఉండదు, స్టేషన్ మాత్రం డిగ్రీన్నర దాకా పక్కకు జరుగుతుంది. అంటే దాదాపు మూడు చంద్రుల దూరం. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు, ట్రాన్సిట్, అంటే ఇలా ముందు నుంచి దాటిపోవడం, కనిపించే నేల మీది పట్టీ వెడల్పు మూడున్నర, నాలుగు కిలోమీటర్లే. ఆ పట్టీ నడిమధ్యన నిలబడ్డవాడికి స్టేషన్ చంద్రుణ్ణి నిట్టనిలువునా చీలుస్తూ పోతుంది. అంచున ఉన్నవాడికి ఒక మూల గీరుకుంటూ పోతుంది. పట్టీ దాటి బయట ఉన్నవాడు రాత్రంతా కాపలా కాసినా ఏమీ చూడలేడు.

అందుకే ఇది అదృష్టం కొద్దీ దొరికే దృశ్యం కాదు. స్టేషన్ కక్ష్య వివరాలు ఎప్పటికప్పుడు బయట అందరికీ దొరుకుతాయి. వాటిని బట్టి ఏ చోట, ఏ సెకనుకు ట్రాన్సిట్ జరుగుతుందో ముందే లెక్కేసి చెప్పే వెబ్‌సైట్లున్నాయి. పైనున్న పలుచని గాలి రాపిడికి కక్ష్య మెల్లగా దిగుతుంటుంది, ఇంజన్లు మండించి మళ్లీ ఎత్తుతుంటారు. దాంతో లెక్క తప్పుతుంది కాబట్టి తీసేవాళ్లు ముందురోజు మళ్లీ సరిచూసుకుని, పట్టీ ఎటు జరిగితే అటు సామాను సర్దుకుని పోతారు. ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ ఫోటోగ్రాఫర్ తియెరీ లెగో 2011 జనవరి 4న పాక్షిక సూర్యగ్రహణం సమయంలో ఐఎస్‌ఎస్ సూర్యుడి ముందు నుంచి పోవడాన్ని తీయడానికి ఏకంగా ఒమన్ వెళ్లారు. ఒక్క సెకను కూడా లేని దృశ్యం కోసం! ఆ ఫోటోలో ఒక పక్క సూర్యుణ్ణి కొరికిన చంద్రుడు, ఇంకో పక్క స్టేషన్ ఉంటాయి. "ఆ ఒక్కడికే ఎలా కనిపించింది?" అంటే, ఎక్కడ నిలబడాలో లెక్కేసుకుని అక్కడికి వెళ్లాడు కాబట్టి.

పోస్టు రాసినవాళ్ల అనుమానం పూర్తిగా గాల్లోది అని కూడా అనను. చంద్రుడి మీద పది, పదిహేను స్టేషన్లు వరసగా పేర్చినట్టుండే ఫోటోలు చూసే ఉంటారు. అవి వీడియోలోని ఫ్రేములన్నీ కలిపి చేసినవి, తీసినవాళ్లు ఆ మాట కిందే రాస్తారు. షేర్ చేసేవాళ్లు దాన్ని కత్తిరించేస్తారు. నిజంగా నకిలీవి కూడా తిరుగుతుంటాయి. వాటిని పట్టుకోవడానికి స్కేలు చాలు. ఐఎస్‌ఎస్ మనకు ఎంత దగ్గరగా వచ్చినా చంద్రుడి వెడల్పులో ముప్పయ్యో వంతు దాటదు. అదే నెత్తి మీది పెద్ద విమానమైతే మూడింట రెండు వంతులు కప్పేస్తుంది. స్టేషన్ అని చెప్పి పెట్టిన ఆకారం చంద్రుడిలో పదో వంతు ఉందనుకోండి, అది గ్రాఫిక్సే. దాన్ని ఖండించడానికి నేనూ మీతో వస్తాను.